తరుగుదల రాయని పద్దు

నేను వైద్యుణ్ణి కాను. చరిత్ర చదువుకున్నవాణ్ణీ కాను. షోలాపూరులో పద్మశాలీల ఇంట పుట్టి, బి.కాం. పూర్తిచేసి, బ్యాంకు పరీక్ష రాసి, ముప్ఫయ్యేళ్ళుగా పద్దులు సరిచూసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అందులో పదకొండేళ్ళు బొంబాయిలోనే గడిచాయి. ఇలాంటివాడికి ప్లేగు చరిత్రతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. దానికి కారణం ఒకే ఒక్క వాక్యం.

1896లో హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసిన వృత్తాంతం చదువుతుండగా ఆ వాక్యం కంటపడింది. మూడు నెలల ఎడతెగని శ్రమలో ఆయన సహాయకుల్లో ఒకరు మానసికంగా కుప్పకూలిపోయారనీ, మరో ఇద్దరు పని వదిలి వెళ్ళిపోయారనీ దాని సారాంశం. తర్వాతి వాక్యంలో టీకా సిద్ధమైపోయింది. కథ ముందుకు సాగింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో తర్వాత చెబుతాను. ముందు ఆ రోజుల్లోకి వెళ్దాం.

1894లో హాంగ్‌కాంగ్‌లో ప్లేగు చెలరేగింది. ఆ ఏడాదే యెర్సిన్ అనే వైద్యుడు ఆ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత జబ్బు బొంబాయి రేవుకు చేరింది. 1896 సెప్టెంబరులో, రేవుకు దగ్గరగా ధాన్యం గిడ్డంగులూ కిక్కిరిసిన ఇళ్ళూ ఉన్న మాండ్వీ ప్రాంతంలో, గోవా నుంచి వచ్చి స్థిరపడిన డాక్టర్ అకాసియో వీగాస్ తన రోగుల గజ్జల్లోని గడ్డలు చూసి ఇది ప్లేగని తేల్చి చెప్పాడు. అప్పటికి జబ్బు పేరు తెలిసింది, సూక్ష్మజీవి తెలిసింది. మనిషికి ఎలా అంటుకుంటుందో మాత్రం తెలియదు. ఎలుకల ఒంటి మీద బతికే చిన్న పురుగు దాన్ని మోసుకొస్తుందని సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పింది 1898లో. ఆ మాటను లోకం నమ్మడానికి మరికొన్నేళ్ళు పట్టింది. అంటే, మొదటి రెండేళ్ళు బొంబాయి డాక్టర్లు కళ్ళకు గంతలు కట్టుకుని యుద్ధం చేశారన్నమాట. రోగి ఊపిరి చూసి భయపడాలా, బట్టలు చూసి భయపడాలా, ఆ ఇంటి నేలను చూసి భయపడాలా అన్నది ఎవరికీ తెలియదు. రాత్రి ఇంటికి వెళ్ళి పిల్లల్ని ఎత్తుకోవచ్చునో లేదో అంతకంటే తెలియదు.

మన పాఠకులకు కామాఠీపురా పేరు చెబితే వేరే సంగతులు గుర్తుకు రావచ్చు. కాని ఆ పేటకు ఆ పేరు పెట్టింది మనవాళ్ళే. నైజాం ఇలాకా నుంచి వెళ్ళి బొంబాయి మేడలకు రాళ్ళూ సున్నమూ మోసిన తెలుగు కూలీలే కామాఠీలు. ప్లేగు వచ్చినప్పుడు అలాంటి పేటలన్నిటి మీదా అధికారులు విరుచుకుపడ్డారు. గోడలు మందునీళ్ళతో కడిగారు, ఎండ తగలాలని పైకప్పులు ఊడదీశారు, సామాన్లు తగలబెట్టారు, జబ్బుపడ్డవాళ్ళను ఇంటివాళ్ళ నుంచి విడదీసి ఆసుపత్రులకు తరలించారు. ఆసుపత్రికి పోయినవాడు తిరిగిరాడని జనం నమ్మారు. ఎనిమిది లక్షల పైచిలుకు జనాభా ఉన్న నగరం నుంచి 1897 ఫిబ్రవరి నాటికి దాదాపు 3,80,000 మంది పారిపోయారు. 1896 అక్టోబరు 29న సుమారు వెయ్యి మంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద దాడి చేశారు. లోపలున్న డాక్టరూ నర్సూ ఒకపక్క జబ్బుకూ, మరోపక్క రాళ్ళకూ నడుమ చిక్కుకున్నారు. కొట్టినవాళ్ళు దుర్మార్గులు కారు. తమవాళ్ళను ఎత్తుకుపోయారన్న దుఃఖంలో ఉన్న పేదవాళ్ళు. అయినా రాయి తగిలినవాడికి ఆ విచక్షణ వల్ల నొప్పి తగ్గదు.

ఇలాంటి నగరంలోకి 1896 అక్టోబరులో హాఫ్కిన్ వచ్చాడు. ఒడెస్సాలో 1860లో యూదు కుటుంబంలో పుట్టాడు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేస్తూ 1892లో కలరా టీకా కనిపెట్టి మొదట తనకే పొడుచుకున్నాడు. 1893లో ఇండియాకు వచ్చి వేలాది మందికి కలరా టీకాలు వేశాడు. మలేరియా పట్టి పీడించగా ఇంగ్లండు వెళ్ళి, ఒంట్లో కాస్త బాగుండగానే మళ్ళీ వచ్చాడు. అలాంటివాడికి ప్రభుత్వం గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఇచ్చిందేమిటి? ఒక గది, దాని పక్కన ఒక నడవా. ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. లక్షల ప్రాణాలను కాపాడిన ప్రయోగశాల మొత్తం ఆస్తి ఇదీ.

అక్కడ సూక్ష్మజీవుల్ని పెంచడానికి మాంసపు రసం కావాలి. హిందువులకూ ముస్లిములకూ అభ్యంతరం లేకుండా మేకమాంసంతో దాన్ని తయారుచేశాడు. రసం పైన నెయ్యి చుక్కలు వేస్తే వాటి అడుగున సూక్ష్మజీవులు ఊడల్లాగా కిందికి దిగుతూ పెరిగేవి. వాటిని కదిపి కిందికి రాల్చడం, మళ్ళీ పెరగనివ్వడం, వేడిచేసి చంపడం, నిజంగా చచ్చాయో లేదో పరీక్షించడం. ప్రతి సీసాలోనూ మృత్యువు బతికే ఉంది. మూత తీసేటప్పుడు చెయ్యి వణికితే చాలు. కిటికీ అవతల శవాలు పోతుంటాయి. పని ఆలస్యమైన కొద్దీ వాటి సంఖ్య పెరుగుతుంది. మూడు నెలలు ఇదే వరస. ఈ మూడు నెలల్లోనే ఒకరు కుప్పకూలారు, ఇద్దరు వెళ్ళిపోయారు. 1897 జనవరి 10న హాఫ్కిన్ ఆ టీకాను 10 సి.సి. తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. తర్వాత జనానికి ఇవ్వదలచిన మోతాదు కంటే అది మూడు రెట్లకు పైనే. జ్వరం వచ్చింది, తగ్గింది. నెలాఖరుకు బైకుల్లా జైలులో ఖైదీలకు వేసి చూశారు. 1897కూ 1925కూ మధ్య బొంబాయి నుంచి 2 కోట్ల 60 లక్షల మోతాదులు బయటికి వెళ్ళాయి. 1925లో ఆ ప్రయోగశాలకు హాఫ్కిన్ పేరు పెట్టారు. పరేల్‌లో ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. కుప్పకూలినవాడికీ, వెళ్ళిపోయిన ఇద్దరికీ చరిత్రలో దక్కింది ఆ ఒక్క వాక్యమే.

నడవాలోని ముగ్గురి సంగతి అలా ఉంచి, అదే రోజుల్లో పూనాలో ఒక ఇంటి సంగతి చూద్దాం. ఆ ఇల్లు మనందరికీ తెలిసిందే. జోతీరావు ఫూలే అప్పటికి చనిపోయి ఆరేళ్ళు దాటింది. సావిత్రీబాయి ఉంది. వాళ్ళు పెంచుకున్న కొడుకు యశ్వంత్ డాక్టరు. 1897లో పూనాకు ప్లేగు పాకినప్పుడు ఊరి శివార్లలో హడప్సర్ వైపు యశ్వంత్ చికిత్సాలయం తెరిచాడు. డాక్టరు కొడుకును కన్నతల్లి అయితే, పెంచిన తల్లి అయితే, సాధారణంగా ఏమంటుంది? 'నాయనా, జాగ్రత్త, దూరంగా ఉండు' అంటుంది. సావిత్రీబాయి తానే రోగుల్ని వెతికి తెచ్చి కొడుకుకు అప్పగించింది. ముంఢ్వా గ్రామంలో జబ్బుపడ్డ ఒక దళిత బాలుణ్ణి వీపున మోసుకొచ్చింది. ఆ క్రమంలో ఆమెకూ ప్లేగు సోకింది. 1897 మార్చి 10న కన్నుమూసింది.

ఈ సంఘటనను మనం త్యాగానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కాని యశ్వంత్ వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజును ఆయన కొడుకుగా గడపాలా, డాక్టరుగా గడపాలా? ఉద్యోగం వేరు, ఇల్లు వేరు అని మనలాంటివాళ్ళం ఒక గీత గీసుకుంటాం. సాయంత్రం అయిదున్నరకు బీరువా తాళం వేసి, తాళంచెవి అప్పగించి ఇంటికి వస్తాం. మహమ్మారి రోజుల్లో డాక్టరుకు ఆ గీత ఉండదు. ఇల్లే ఆసుపత్రి అవుతుంది, లేదా ఆసుపత్రే ఇంటి మీదికి వస్తుంది.

మూడో భారం నింద. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి హాఫ్కిన్ టీకా వేశారు. ఒకే సీసాలోని మందు వేసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. తప్పు బొంబాయి ప్రయోగశాలదేనని విచారణ సంఘం తేల్చింది. హాఫ్కిన్‌ను జీతం లేకుండా పక్కన పెట్టారు. ఆయన లండన్ వెళ్ళిపోయి ఏళ్ళ తరబడి తన నిర్దోషిత్వం కోసం పోరాడాడు. సీసా మూత తీసే పటకారు ఆ ఊళ్ళో నేల మీద పడిందనీ, దాన్ని సరిగా శుభ్రం చేయకుండానే వాడారనీ తర్వాత బయటపడింది. 1907 జూలైలో పదిమంది శాస్త్రవేత్తలు లండన్ టైమ్స్ పత్రికకు ఉత్తరం రాసి హాఫ్కిన్ పక్షాన నిలిచారు. ఆ ఏడాది చివర ఆయన మీది మచ్చ తొలగింది.

ఆ ఉత్తరంలో సంతకం చేసినవారిలో ప్రముఖుడు రొనాల్డ్ రాస్. ఈయన మనకు పరాయివాడు కాదు. సికిందరాబాదు బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసినవాడు ఈయనే. అప్పటికి కొద్ది నెలల ముందే తానూ మలేరియాతో పడి లేచాడు. విసనకర్ర వేస్తే దోమలు చెదురుతాయని ఆ ఉక్కపోతలో గాలి లేకుండా కూర్చుని, నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టేదాకా పనిచేశాడు. అంత పని చేసినవాడు గనకనే, పని చేసి నింద మోస్తున్న మరొకడి స్థితి అర్థమై ఉంటుందని నా ఊహ. ముల్కోవాల్ దుర్ఘటన జరిగిన 1902లోనే రాస్‌కు నోబెల్ బహుమానం వచ్చింది. ఒకరికి బహుమానం, ఒకరికి బహిష్కారం. ఇద్దరూ ఒకే దేశపు రోగుల కోసం చెమటోడ్చినవాళ్ళే. హాఫ్కిన్ మళ్ళీ ఇండియాకు వచ్చాడు గాని బొంబాయి ప్రయోగశాలకు కాదు, కలకత్తాకు. మునుపటిలాంటి గొప్ప పని ఆ తర్వాత ఆయన చేతుల్లోంచి రాలేదు. 1930లో లొజాన్‌లో చనిపోయాడు.

పని భారం, ఇంటి బెంగ, లోకం నింద. 1896 నుంచి 1907 వరకు మనం చూసినవి ఈ మూడే. ఇక 2020కి వద్దాం.

2020 మార్చి 22న దేశమంతా పళ్ళాలు మోగించాం. మే 3న ఆసుపత్రుల మీద హెలికాప్టర్ల నుంచి పూలు చల్లాం. ఈ రెండు తేదీల మధ్య ఏప్రిల్ 19 రాత్రి చెన్నైలో, కరోనాతో చనిపోయిన ఒక నరాల శస్త్రవైద్యుణ్ణి ఖననం చేయడానికి తీసుకువెళ్తే జనం అడ్డుపడి రాళ్ళూ కర్రలతో కొట్టారు. ఆంబులెన్సు అద్దాలు పగిలాయి. భార్యాబిడ్డలు వెనుదిరగవలసివచ్చింది. తోటి డాక్టరు ఒకరు అర్ధరాత్రి తన చేతులతో మట్టి పూడ్చి వచ్చారు. మూడు రోజుల తర్వాత కేంద్రప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వైద్య సిబ్బంది మీద దాడిచేసి తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ళ దాకా జైలుశిక్ష అంది. ఏ చట్టాన్ని సవరించారో తెలుసా? బొంబాయి ప్లేగు కోసం 1897 ఫిబ్రవరిలో చేసిన అంటువ్యాధుల చట్టాన్నే. ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద పడ్డ రాళ్ళకు జవాబు 123 ఏళ్ళ తర్వాత వచ్చిందన్నమాట.

ఇండియన్ మెడికల్ అసోసియేషన్ లెక్క ప్రకారం మొదటి అలలో 700 మందికి పైగా, 2021 రెండో అలలో మరో 700 మందికి పైగా డాక్టర్లు చనిపోయారు. బతికి ఉన్నవాళ్ళ మీద మరో దెబ్బ పడింది. పై చదువుల ప్రవేశపరీక్షను 2021లో సెప్టెంబరు దాకా వాయిదా వేశారు, ఆ తర్వాత సీట్ల కేటాయింపు కోర్టు వివాదంలో పడింది. మొదటి సంవత్సరం జూనియర్ డాక్టర్లు రాలేదు. మూడు తరగతులవాళ్ళు చేయవలసిన పని రెండు తరగతుల మీద పడింది. ఆ ఏడాది చివర వాళ్ళు ఢిల్లీలో రోడ్డెక్కింది ఇందుకే.

మా మేనకోడలు ఆ రెండు తరగతుల్లో ఒకతె. షోలాపూరు నుంచి వచ్చి ముంబయిలో ఒక ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా ఉండేది. నాలుగేళ్ళ కొడుకును మా అక్క దగ్గర వదిలి వచ్చింది. ఆరు నెలలు వాణ్ణి ఫోనులోనే చూసుకుంది. మా ఇల్లు ఆసుపత్రికి దగ్గరే అయినా మాకు అంటుతుందని రాలేదు. 2021 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఫోను చేసింది.

"మామా, ఇయ్యాల నలుగురు పోయిండ్రు. రూముకొచ్చి అన్నం తిన్న. ఏడుపొస్తలేదు. ఏమీ అనిపిస్తలేదు. నాకు అదే భయమైతుంది" అంది.

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాయాలి. "ఓపిక పట్టు బిడ్డా. అందరు చేస్తుండ్రు గద" అన్నాను. ఆమె సరేనని ఫోను పెట్టేసింది. ఆ తర్వాత చాలాకాలం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. చదువు పూర్తికాగానే ముంబయి వదిలి షోలాపూరు వెళ్ళిపోయింది. ఏడాది పాటు ఏ ఆసుపత్రికీ వెళ్ళలేదు. చుట్టాలు "ఇంత చదివి ఇంట్ల కూసున్నది" అన్నారు. నేను నోటితో అనలేదు గాని, మనసులో అనుకున్నాను. హాఫ్కిన్ కథలో 'ఇద్దరు పని వదిలి వెళ్ళిపోయారు' అన్నచోట నేను ఆగిపోయింది అందుకే. ఆ ఇద్దరినీ మొదట పిరికివాళ్ళే అనుకున్నాను. వెంటనే నా మేనకోడలు గుర్తుకొచ్చింది.

ఆమె ఫోనులో చెప్పిన స్థితికి ఒక పేరుంది. 1974లో న్యూయార్కులో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త దానికి 'బర్నౌట్' అని పేరుపెట్టాడు. పేదల కోసం నడిచే ఉచిత వైద్యశాలలో, పగలు వేరే పని చేసుకుని రాత్రి వచ్చి సేవచేసేవాళ్ళను చూసి ఆ పేరు పెట్టాడు. వాళ్ళలో తానూ ఒకడు. కాలీ కాలీ చమురు ఇంకిపోయిన దీపం వంటి స్థితి అది. ఒళ్ళు అలిసిపోవడం ఒక్కటే కాదు. ఎదుటి మనిషి మీద ఏ భావమూ కలగకపోవడం, చేస్తున్న పనికి అర్థం లేదనిపించడం కూడా అందులో భాగాలే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పని వల్ల కలిగే స్థితిగా తన జాబితాలో చేర్చింది. అంటే లోపం మనిషిలో లేదు, పనిలో ఉందని దాని అర్థం. న్యూయార్కులోనే అత్యవసర వైద్య విభాగానికి అధిపతిగా ఉన్న డాక్టర్ లోర్నా బ్రీన్, తానూ కరోనా బారినపడి లేచి మళ్ళీ పనిలోకి వెళ్ళి, 2020 ఏప్రిల్‌లో ప్రాణం తీసుకుంది. 2022లో అమెరికా ఆమె పేరుతోనే వైద్య సిబ్బంది మనోస్వస్థత కోసం ఒక చట్టం చేసింది.

నాకు తెలిసిన శాస్త్రం లెక్కలు. అందులో తరుగుదల అనే పద్దు ఒకటుంది. ఒక యంత్రం కొంటే ఏటా అది కొంత అరుగుతుందని ఒప్పుకుని, ఆ మేరకు లాభంలోంచి పక్కకు తీసి పెడతాం. అరగలేదని రాసినవాడిది దొంగలెక్క. ఆసుపత్రిలోని స్కానింగు యంత్రానికి తరుగుదల రాస్తారు, మంచానికి రాస్తారు. ఆ యంత్రం ముందు ముప్ఫయి ఆరు గంటలు నిలబడ్డ మనిషికి రాయరు. అరిగిపోయినప్పుడు మాత్రం 'బలహీనురాలు' అంటారు. నేనూ అన్నవాణ్ణే.

మా బ్యాంకుల్లో మరో పద్ధతి ఉంది. ముఖ్యమైన కుర్చీల్లో ఉన్నవాళ్ళను ఏటా ఒకే విడతగా పది పనిదినాలకు తగ్గకుండా, ముందు చెప్పకుండా, సెలవు మీద పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. నన్నూ ఒకసారి అలాగే పంపారు. సాయంత్రం పిలిచి, రేపటినుంచి రావద్దన్నారు. అది మా ఆరోగ్యం కోసం కాదు. పద్దుల్లో ఏదైనా మోసం ఉంటే మనిషి లేనప్పుడు బయటపడుతుందని. డబ్బు భద్రంగా ఉండటం కోసం బ్యాంకు అధికారిని బలవంతంగా ఇంటికి పంపే ఏర్పాటు మనకుంది. ప్రాణాలు భద్రంగా ఉండటం కోసం డాక్టరును ఇంటికి పంపే ఏర్పాటు ఎందుకుండకూడదు? మహమ్మారిలో అందరినీ ఒకేసారి పంపలేం, నిజమే. వంతులవారీగా పంపవచ్చు. వచ్చే ఏడాది రావలసిన జూనియర్లను సమయానికి రప్పించవచ్చు. రాత్రి డ్యూటీ దిగిన డాక్టరుతో ఒక మనోవైద్యుడు పావుగంట మాట్లాడే ఏర్పాటు చేయవచ్చు. వీటికయ్యే ఖర్చు తరుగుదల పద్దు కింద రాసుకోవలసినది, దానం కింద కాదు.

ముంబయిలో మెట్రో సినిమా ఎదురుగా డాక్టర్ వీగాస్ విగ్రహం ఉంది. పరేల్‌లో హాఫ్కిన్ పేరుంది. బేగంపేటలో రాస్ జ్ఞాపకం ఉంది. ఇవన్నీ ఉండవలసినవే. మన పత్రిక చదివే ఇళ్ళు బెంగుళూరులో, చెన్నైలో, బరంపురంలో, యానాంలో ఉన్నాయి. వాటిలో డాక్టరు పిల్లలున్న ఇళ్ళు తక్కువేం కాదు. మరోసారి ఏదైనా మహమ్మారి వచ్చి, ఒక రాత్రి ఆ పిల్లలు ఫోనుచేసి "ఏమీ అనిపించడం లేదు" అంటే, నాలాగా "ఓపిక పట్టు" అనకండి. "ఎక్కడున్నావు, నేను వస్తున్నాను" అనండి. రాలేని పరిస్థితి అయితే ఫోను పెట్టేయకుండా వినండి.

మా మేనకోడలు ఇప్పుడు షోలాపూరులో బీడీ కార్మికులుండే పేటలో చిన్న దవాఖానా నడుపుతోంది. సాయంత్రం ఏడింటికి మూసేస్తుంది. మొన్న దసరాకు వెళ్ళినప్పుడు హాఫ్కిన్ నడవా సంగతి చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది.

"ఆ కుప్పకూలినాయన తర్వాత బాగైండా మామా?"

లెక్కలు చూసుకునే నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. ముప్ఫయ్యేళ్ళలో నేను సరిచూసిన ఏ పద్దులోనూ ఇంత పెద్ద బాకీ చూడలేదు.